ఇంటికి డబ్బు పంపేముందు మీ పక్క మంచం అతన్ని అడగండి

పదకొండేళ్లు పరాయి దేశంలో పనిచేశాను. మొదటి రెండేళ్లూ 'ఛార్జీ లేదు' అన్న బోర్డున్న కౌంటర్ దగ్గరే క్యూ కట్టాను. ఒక రాత్రి, గదిలో నా పక్క మంచం మీద ఉండే ఫిలిప్పీన్స్ అతను నా రసీదు తీసుకుని, ఫోన్‌లో ఆ రోజు మార్కెట్లో రూపాయి మారకం రేటును దాని పక్కన పెట్టి చూపించాడు. ఛార్జీ తీసుకోని మాట నిజమే, రేటులోనే కోసేశారు.

కాబట్టి ఛార్జీ ఎంతని అడక్కండి. 'ఇక్కడ 200 డాలర్లు కడితే అక్కడ చేతికి ఎంత వస్తుంది?' అని అడగండి. ఒకే గంటలో మూడు చోట్ల అడిగి ఆ అంకె రాసుకోండి. ప్రపంచ బ్యాంకు కూడా 200 డాలర్ల లెక్కతోనే దేశాల మధ్య ఖర్చును పోల్చి, ఆ వివరాలు ఉచితంగా వెబ్‌సైట్లో పెడుతుంది. సగటున ఆరు శాతం పైనే దారిలో పోతోంది. 2030 నాటికి దాన్ని 3 శాతం లోపుకి తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. అప్పటిదాకా మన జాగ్రత్త మనదే.

బ్యాంకు ద్వారా పంపితే మధ్యలోని బ్యాంకు కూడా కొంత కోసుకోవచ్చు. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ముందే అడగండి. ఛార్జీ ఎంత పంపినా ఒకటే అయితే, తొందర లేనప్పుడు రెండు నెలలది కలిపి పంపండి. రేటు ఇంకా పెరుగుతుందని రోజూ ఫోన్ చూస్తూ కూర్చోవద్దు. నేను కూర్చున్నాను, టెన్షన్ తప్ప ఏం మిగల్లేదు. రసీదు ఇవ్వని ఏజెంటు ఎంత మంచి రేటు చెప్పినా వద్దు.

ఆ రాత్రి నుంచి భోజనాల దగ్గర మనవాళ్ల బల్ల వదిలి వేరేవాళ్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. కెన్యాలో 2007 నుంచే ఎం-పెసా అనే సేవతో ఫోన్లో డబ్బు పంపుకుంటున్నారని అక్కడే విన్నాను. మెక్సికో వాళ్లు సొంత ఊళ్ల కోసం సంఘాలు కట్టి, తాము వేసే ఒక్కో పెసోకి మూడు స్థాయిల ప్రభుత్వాల చేత మూడు పెసోలు వేయించారని కూడా. అంతవరకూ ఊరికి పంపడమంటే ఇంటికి పంపడమే అనుకున్నాను.

చివరగా, అందిన మొత్తం ఎంతో ఇంట్లోవాళ్లను మెసేజ్ పెట్టమనండి. పంపినది కాదు, అందినది పుస్తకంలో రాయండి. మా తమ్ముడు 'వచ్చింది అన్నయ్యా' అని ఊరుకునేవాడు. వాడి చేత అంకె రాయించడానికి నాకు మూడు నెలలు పట్టింది.