నాచు కట్టే ఖనిజాన్ని పరిశ్రమకు ముడిసరుకుగా మార్చడం ఎలా

సముద్రపు సూక్ష్మశైవలాలు, అంటే కంటికి ఆనని నాచు, చేసే ఖనిజాల్లో నేను పని చేసేది రెండింటితోనే. కోకోలిథోఫోర్లు కణంలోపల కాల్షియం కార్బొనేట్ పలకలు తయారు చేసి బయటికి తోసి, తమ చుట్టూ పేర్చుకుంటాయి. డయాటమ్‌లు సిలికాతో గూడు కట్టుకుంటాయి. వీటిని పెంచి, కడిగి, ఆరబెట్టి కాగితం, రంగులు, వడపోత పరిశ్రమలకు నమూనాలు పంపడం నా వృత్తి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి నా మొదటి మాట ఒకటే. ఆకారానికి డబ్బు పెట్టే కొనుగోలుదారును ముందు వెతకండి, తొట్టెలో నీళ్లు తర్వాత నింపండి. సున్నపురాయి, ఇసుక భూమి మీద కొండలుగా ఉన్నాయి. పదార్థం కోసమే అయితే ఎవరూ మన దగ్గరికి రారు. ఎమిలియానియా హక్స్‌లీ అనే కోకోలిథోఫోర్ చేసే పలక వెడల్పు 2 నుంచి 4 మైక్రోమీటర్లు. బండిచక్రం ఆకుల్లా దాని అంచు చుట్టూ సన్నని చీలికలు ఉంటాయి. సున్నపురాయిని ఎంత నూరినా ఆ ఆకారం రాదు. డయాటమ్ గూటిలోని వరుస రంధ్రాలూ అంతే. అందుకే కాగితపు పూత, రంగుల్లో పూరకం (మిశ్రమాన్ని నింపే పొడి), ఉత్ప్రేరకానికి ఆధారం, సన్నని వడపోత వంటి వాటిని వెతకమంటాను. బట్టీలో కాల్చి సున్నం చేయడానికైతే ఆకారం మొత్తం పోతుంది.

తర్వాత లెక్క వేయండి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది కాబట్టి దానికి కొరత రాదు. ముందు అయిపోయేది బైకార్బొనేట్. నీటి క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఎక్కువగా ఆ బైకార్బొనేట్ వల్లే వస్తుంది. అది లీటరుకు సుమారు 2.3 మిల్లీఈక్వివలెంట్లు. అందులో ఒక మిల్లీఈక్వివలెంట్ వాడుకుంటే చేతికొచ్చే సుద్ద (కాల్షియం కార్బొనేట్) 50 మిల్లీగ్రాములు. అంటే ఏమీ కలపకుండా కిలో సుద్ద తీయాలంటే 20 వేల లీటర్ల నీరు కావాలి. అందుకే సోడియం బైకార్బొనేట్, కాల్షియం క్లోరైడ్ కలుపుతూ పోతాం. రెండింటినీ విడివిడిగా, పలచగా, నీటిని కలియబెడుతూ పోయాలి. చిక్కగా పోస్తే శైవలం ప్రమేయం లేకుండానే సుద్ద విడిపోయి, ఆకారం లేని పొడి అడుగున చేరుతుంది.

ఇక్కడ కర్బనం గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. సాల్వే అనే పారిశ్రామిక పద్ధతిలో సోడాను (సోడియం బైకార్బొనేట్ కూడా అందులోనే వస్తుంది) ఉప్పు, సున్నపురాయి నుంచే తీస్తారు. కాల్షియం క్లోరైడ్ దాని ఉపఉత్పత్తి. ఆ రెండూ కొని తొట్టెలో పోస్తే సున్నపురాయితో మళ్లీ సున్నపురాయి చేసినట్టే. పైగా సుద్ద ఏర్పడే చర్యలో రెండు బైకార్బొనేట్లలో ఒకటే రాయిగా మారుతుంది, రెండోది కార్బన్ డయాక్సైడ్‌గా విడుదలవుతుంది. కిరణజన్య సంయోగక్రియలో కణం దానిని వాడుకోగలదు, కానీ ఎంత వాడుకుందో కొలవాలి. కొలవకుండా సరుకు సంచి మీద ‘కర్బనరహితం’ అని రాసేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ రంగం మీద నమ్మకం వాళ్ల వల్లే పోతుంది.

డయాటమ్‌కు కొరత సిలికాది. 1962లో గిలార్డ్, రైథర్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన మాధ్యమం నుంచి వచ్చిన ఎఫ్/2 అనే పోషక ద్రావణాన్ని అందరూ వాడతారు. అందులో నైట్రేట్ 882 మైక్రోమోలార్, సిలికేట్ 106 మాత్రమే. డయాటమ్‌లు ఆ రెండింటినీ దాదాపు సమంగా తీసుకుంటాయి కాబట్టి సిలికేట్ ముందే అయిపోతుంది. ఆ 106తో లీటరుకు 6.4 మిల్లీగ్రాముల సిలికా వస్తుంది, అంతకు మించదు. సిలికేట్‌ను కొంచెం కొంచెంగా మళ్లీ మళ్లీ పోయండి. నీటిలో ఒక్కసారిగా 2 మిల్లీమోలార్ దాటితే జిగురులా గడ్డకట్టే ప్రమాదం ఉంది.

జాతి ఎంపికలో జాగ్రత్త. ఎమిలియానియా జాబితాల్లో గెఫిరోక్యాప్సా అనే కొత్త పేరుతోనూ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ప్రయోగశాలల్లో పెరిగిన కొన్ని రకాలు పలకలు చేయడం మానేశాయి. తీసుకున్న వెంటనే ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) పలకలు చీకటి నేపథ్యంలో మెరుస్తాయి, సిలికా మెరవదు. పలకలు ఎక్కువ కావాలంటే ఫాస్ఫేట్ తగ్గించండి. కణవిభజన ఆగినా పలకల తయారీ ఆగదు. ఈ జాతికి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం చాలు. వెచ్చని ఆరుబయటి తొట్టెలకు ప్లూరోక్రైసిస్ కార్టెరే అనే మరో కోకోలిథోఫోర్ మేలు.

కడగడం దగ్గర రెండు ఖనిజాల దారులు పూర్తిగా వేరు. కాల్సైట్‌కు ఆమ్లం తగలకూడదు. తేరిన ముద్దను పలచని సోడియం హైపోక్లోరైట్‌లో నానబెట్టి జీవపదార్థాన్ని తొలగించండి. తర్వాత మామూలు స్వేదనజలం వాడవద్దు, పలకల అంచులు కరుగుతాయి. సుద్దపొడి కలిపి వడగట్టిన నీటితో కడగండి. హైపోక్లోరైట్‌కు అమ్మోనియా గానీ ఆమ్లం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువులు వస్తాయి. సిలికాకు ఆమ్లం ఇబ్బంది కాదు, క్షారమే కరిగిస్తుంది. వేడి హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచి, కడిగి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బొనేట్ మలినాలు తీసేయండి. కాల్చేటట్టయితే 500 డిగ్రీల దగ్గర ఆపండి. ఉప్పు మిగిలి ఉండగా బాగా కాలిస్తే సోడియం సాయంతో సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటికరూపంగా మారుతుంది. ఆ ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఏ ఖనిజమైనా ఉప్పు పూర్తిగా పోయేదాకా కడగండి. చివరి నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మసకబారకూడదు. క్లోరైడ్ మిగిలిన పూరకం కాంక్రీటులోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

ఇక స్వచ్ఛత. కాల్సైట్‌ను వేడిచేస్తూ తూకం చూడండి. శుద్ధమైనదైతే 600 నుంచి 850 డిగ్రీల మధ్య 44 శాతం బరువు తగ్గాలి. 40 శాతమే తగ్గితే సరుకులో కాల్సైట్ సుమారు 91 శాతం. ఆ అంకెను, కణ పరిమాణాన్ని, మిగిలిన తేమను, క్షారత ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వివరాన్ని సంచి మీద రాసి, మొదట కొద్దిపాటి నమూనానే పంపండి. కొనేవారు దాన్ని తమ మిశ్రమంలో కలిపి చూసేదాకా పెద్ద తొట్టె కట్టవద్దు.