గాయపడిన పెరటి కోడికి చికిత్స ఎలా చేయాలి? మిగిలిన కోళ్లను ఎలా కాపాడుకోవాలి?

కుక్క నోటి నుంచి పెట్టను విడిపించగానే చాలామంది పసుపు డబ్బా కోసం పరుగెత్తుతారు. గాయం కొంచెం ఆగుతుంది, బెదురు ఆగదు. వణుకుతున్న కోడిని నలుగురూ చుట్టుముట్టి అటూ ఇటూ తిప్పితే, గాయం చిన్నదైనా ప్రాణం పోవచ్చు.

మొదటి అరగంట

తువ్వాలు కప్పి నెమ్మదిగా ఎత్తండి. రొమ్మును గట్టిగా నొక్కి పట్టుకోకూడదు. కోళ్లకు మనలాగా ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండి ఊపిరికి సాయపడే కండర పొర) ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన నూలుగుడ్డతో ఐదు నిమిషాలు ఒత్తి పట్టండి, మధ్యలో తీసి చూడవద్దు. గోరు విరిగి రక్తం వస్తుంటే చిటికెడు బియ్యప్పిండి అద్దితే సరిపోతుంది. తరువాత గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరచి, చీకటిగా, వెచ్చగా ఉంచండి. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది కాబట్టి దెబ్బతిన్న కోడికి చలి త్వరగా పడుతుంది. నీళ్లు దగ్గర పెట్టండి కానీ నోట్లో పోయవద్దు. శ్వాసనాళం రంధ్రం నాలుక వెనకే ఉంటుంది, నీళ్లు సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గాయం కడగడం

కోడి కుదుటపడ్డాక ఈకలను పక్కకు తొలగించి ఒళ్లంతా వెతకండి: వీపు, రెక్కల కింద, తోక మొదలు. పైకి కనిపించే గీత కంటే ఈకల కింద దాగిన పంటి గాట్లే ప్రమాదం. ముఖ్యంగా పిల్లి కాటు గుండుసూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల మాత్రం పిల్లి నోటిలోని సూక్ష్మక్రిములు చేరి ఒకటి రెండు రోజుల్లోనే చీము పడుతుంది లేదా రక్తం విషమవుతుంది. పిల్లి కరిచిందని తెలిస్తే గాయం ఎంత చిన్నదైనా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి. పశువైద్య సహాయం కోసం 1962 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

గాయం చుట్టూ ఈకలను కత్తిరించండి, పీకవద్దు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీ చెంచా కలిపి, సూది తీసేసిన సిరంజితో గాయంలోకి చిమ్ముతూ మట్టి పోయేవరకు కడగండి. క్రిములను చంపే మందు పొవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీటితో కలిపి పూయండి. సున్నం, కిరోసిన్, కాఫీపొడి వద్దు. పసుపు పైపై గీతలకు పరవాలేదు. లోతైన గాయంలో కూరితే మాత్రం లోపల పడుతున్న చీము కనిపించదు.

ఇంట్లో మిగిలిన మాత్రలు వేయవద్దు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పక్షుల మూత్రపిండాలను పాడుచేస్తుంది. రాబందులను దాదాపు తుడిచిపెట్టింది ఈ మందే, పశువుల వైద్యంలో దీన్ని 2006లో నిషేధించారు. వైద్యుడు యాంటీబయాటిక్ రాస్తే గుడ్లు, మాంసం ఎన్ని రోజులు తినకూడదో తప్పక అడగండి.

మానేదాకా

ఎర్రని గాయం కనిపిస్తే తోటి కోళ్లే పొడిచి పెద్దది చేస్తాయి. కాబట్టి వేరుగానే ఉంచండి, అయితే మిగిలినవి కనిపించేలా జాలీ గంప కింద పెడితే తిరిగి కలిసేటప్పుడు పోట్లాట తగ్గుతుంది. గంపపై దోమతెర కప్పండి. ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. ఉదయం, సాయంత్రం గాయం చూడండి. పురుగులు కనిపిస్తే పట్టకారుతో ఏరి మళ్లీ ఉప్పునీటితో కడగాలి. టర్పెంటైన్ వాడవద్దు. మెత్తగా ఉడికిన నూకలు, ఉడికించిన గుడ్డు ముక్కలు పెడితే ఇష్టంగా తింటుంది. పేగులు బయటికి వచ్చినా, కాళ్లు పూర్తిగా చచ్చుబడినా బాధను పొడిగించకుండా వైద్యుడి సలహా అడగండి.

ఎవరు వచ్చారో గుర్తించండి

పగలు ఆరుబయట కోడిపిల్లలు మాయమవుతుంటే గద్ద, డేగ, కాకి పని కావచ్చు. మెడ, తల కొరికి ఒళ్లు వదిలేస్తే ముంగిసను అనుమానించండి. ఈకలు చెల్లాచెదురై కోళ్లు చీలిపోయి ఉంటే ఊరకుక్కలు. రాత్రి నిశ్శబ్దంగా మొత్తం కోడి పోతే అడవిపిల్లో నక్కో. గుడ్లు మాత్రమే పోతే పాము కావచ్చు. గాయం ఏదీ లేకుండా చాలా కోళ్లు ఒకేసారి చనిపోతే అది రోగం కావచ్చు, వెంటనే పశువైద్యశాలకు చెప్పండి, కళేబరాలను చేతులతో ముట్టవద్దు.

రక్షణ

అన్నిటికంటే ముందు సాయంకాలపు తలుపు. కోళ్లు చీకటి పడకముందే వాటంతట అవే గూటికి చేరతాయి. లెక్కపెట్టి గడియ వేయడం ఒక్కటే మన పని, రోజూ మానకుండా చేస్తే రాత్రి దాడుల్లో ఎక్కువ భాగం జరగవు. పలచటి కోళ్ల జాలీని కుక్క పళ్లతో చీల్చేస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్‌మెష్ (తీగలను అతికించి చేసిన గట్టి ఇనుప జాలీ) కట్టి, అడుగులోతు పూడ్చండి లేదా బయటివైపు అడుగున్నర వెడల్పున నేల మీద పరచి రాళ్లు పెట్టండి. గూటిని కాళ్ల మీద నేలకు ఎత్తుగా కడితే ఇంకా మేలు.

కోడిపిల్లలు ఆరు వారాల వయసు దాటేదాకా గంప కిందో, పాత చేపల వల కప్పిన చోటో తిరగనివ్వండి. పెరట్లో పొదలు, తుమ్మకంప కుప్పలు ఉంటే గద్ద నీడ పడగానే దూరుతాయి. తెల్ల కోడి దూరం నుంచే కంటపడుతుంది. వనరాజా, గ్రామప్రియ లాంటి రంగు ఈకల రకాలు పెరటికి నప్పడానికి ఇదీ ఒక కారణం. రాలిన మేతను రాత్రికి ఊడ్చేయండి, లేకపోతే ఎలుకలు, వాటి వెనకే పాములు వస్తాయి.

విషం పెట్టవద్దు, కంచెకు కరెంటు తీగ కట్టవద్దు. ముంగిస, అడవిపిల్లి వంటివాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పైగా ఆ తీగకు ముందుగా బలయ్యేది పక్కింటి పసిబిడ్డో, మీ ఆవో కావచ్చు.