రానుపోను సగటు వేగం: రెండూ కలిపి సగం చేయకండి

పిల్లలను తికమకపెట్టే లెక్క ఇది. బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డుకు ఆటో గంటకు 10 కి.మీ. వేగంతో నత్తలా పాకింది. అర్ధరాత్రి అదే దారిన 40తో ఎగిరొచ్చింది. సగటు ఎంత? 25 అనేస్తారు.

దూరం ఇవ్వకపోయినా పర్లేదు. 10, 40ల క.సా.గు. 40 కాబట్టి, ఒకవైపు దూరం 40 కి.మీ. అనుకోండి. పోవడానికి 4 గంటలు, రావడానికి 1. మొత్తం 80 కి.మీ., 5 గంటలు. సగటు 16. నెమ్మదిగా నడిచిన వైపే సమయం ఎక్కువ తింటుంది, సగటూ అటే మొగ్గుతుంది. పోతూ 10 అయితే, ఎంత దూకుడుగా వచ్చినా సగటు 20కి చేరదు. 20 రావాలంటే 80 కి.మీ. 4 గంటల్లో పూర్తవ్వాలి; ఆ 4 గంటలూ పోయేటప్పుడే అయిపోయాయి.

ఇక్కడ సగం దూరం 10తో, సగం దూరం 40తో నడిచింది. ప్రశ్నలో ‘సగం దూరం’ బదులు ‘సగం సమయం’ అని ఉంటే మాత్రం ఈ పద్ధతి వాడొద్దు. అక్కడ 25 సరైనదే.