చెమట కంపు రోజూ వేధిస్తుంటే ఏం చేయాలి? సెంటు పక్కనపెట్టి తడి సంగతి చూడండి

చీపురుపల్లిలో ప్యాసింజరెక్కి విజయనగరం బట్టల షాపుకి వెళ్లి పనిచేసిన రోజులవి. వేసవిలో ఆ ఉక్కపోతకి గరివిడి దాటేసరికే బనీను ఒంటికి అంటుకుపోయేది. షాపులో చేరిన రెండో నెలలో, చీరలు మడతపెట్టే పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, "ఏటి బావూ, చొక్కా సరిగా ఆర్నేదేటి?" అంది. కంపు కొడుతున్నావురా అని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు. ఆవిడ మర్యాదకి అన్న మాటే అసలు కిటుకని చాలా డబ్బు స్ప్రేలకి తగలేశాక గానీ నాకు ఎక్కలేదు.

చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. ఒళ్లంతా పట్టేది ఉప్పునీరే. చంకల్లో, గజ్జల్లో మాత్రం ఇంకో రకం గ్రంథులు ఉంటాయి. ఈడొచ్చాక పని మొదలుపెట్టి, చిక్కటి చెమట వదులుతాయి. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టేదే ఈ కంపు. వాటికి తడి, వెచ్చదనం ఉంటే పండగే.

ముందు స్నానం సంగతి. రోజుకి మూడుసార్లు చేయక్కర్లేదు, రెండుసార్లు సరిగ్గా చేస్తే చాలు. చంకల్లో, గజ్జల్లో, కాలివేళ్ల సందుల్లో సబ్బు నురగతో బాగా రుద్ది కడగండి. ఆ తర్వాత తుడుచుకోవడమే ముఖ్యం. పొద్దున్న వాడి దండెం మీద పడేసిన తువ్వాలు సాయంత్రానికి ముట్టుకు చూడండి, అంచులింకా చెమ్మగానే ఉంటాయి. దాంతో తుడుచుకుంటే కడిగిందంతా దండగ. పొడి తువ్వాలుతో అద్ది, రెండు నిమిషాలు ఫ్యాను కింద నిలబడి, అప్పుడు బట్టలు వేసుకోండి. చంకల్లో వెంట్రుకలు కత్తిరించుకుంటే చెమట తొందరగా ఆరుతుంది.

తర్వాత చంకలకి రాసేది. డియోడరెంటు వాసనని అణిచిపెడుతుంది, చెమటని ఆపదు. చెమట తగ్గాలంటే యాంటీపెర్స్పిరెంట్ కావాలి. డబ్బా మీద అల్యూమినియం పేరుందా లేదా చూసి కొనండి. అందులోని లవణాలు చెమట రంధ్రాలకి తాత్కాలికంగా బిరడా వేస్తాయి. అందరూ పొద్దున్న హడావుడిలో రాసుకుంటారు కానీ, రాయాల్సింది రాత్రి, పొడి చర్మం మీద. అప్పుడు చెమట తక్కువ కాబట్టి మందు నిలుస్తుంది. తడి మీదా, అప్పుడే గీసిన చర్మం మీదా రాస్తే భగ్గుమంటుంది. మంగలి షాపుల్లో గడ్డం గీశాక రుద్దే పటిక కూడా అల్యూమినియం లవణమే. తడిపి చంకలో మెల్లగా రుద్దితే కొందరికి సరిపోతుంది, ఖర్చూ తక్కువ. నిమ్మకాయ, వంటసోడా జోలికి మాత్రం పోకండి. నిమ్మరసం మీద ఎండ తగిలితే చర్మం కాలి నల్లమచ్చ పడుతుంది.

వీటికీ లొంగకపోతే మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ గురించి డాక్టరుని అడగండి. స్నానంలో చంకలకి రాసి, కాసేపు ఉంచి కడిగేయాలి. బట్టల రంగు తినేస్తుంది. నా పచ్చ తువ్వాలు ఇప్పుడు మచ్చల దుప్పిలా ఉంది.

ఇక బట్టలు. నా అనుభవంలో కంపు సగం ఒంట్లో కాదు, చొక్కాలోనే కాపురం ఉంటుంది. ఇస్త్రీ పెట్టె చంక కుట్టు మీద పెట్టగానే పాత చెమట వాసన గుప్పుమంటే ఆ చొక్కా ఉతికినట్టు కాదు. తిరగేసి, చంకల దగ్గర సబ్బు పట్టించి, వేడినీళ్లలో అరగంట నానబెట్టి ఉతకండి. తిరగేసే ఎండలో వేయండి. ముసురు రోజుల్లో గదిలో ఆరేస్తే ఫ్యాను పెట్టండి, లేకపోతే ముక్కవాసన ఖాయం. పాలిస్టర్ ఈ కంపుని నూలు కంటే గట్టిగా పట్టుకుంటుంది, అందుకే బనీను, చొక్కా రెండూ నూలువే మేలు. డబ్బులుంటే మన పొందూరు ఖాదీ ఉండనే ఉంది. అక్కడ పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతో. అయినా ఆ బట్టకి నీచువాసన ఉండదు, ఎంత గాలాడుతుందో!

బూట్లు రెండు జతలుంటే రోజు మార్చి రోజు వేసుకోండి, మేజోళ్లు రోజూ మార్చండి.

తిండిలో వెల్లుల్లి, ఉల్లి, మెంతులు కొందరి చెమటలో తేలతాయి. ఒక వారం మానేసి చూస్తే మీకే తెలుస్తుంది. ఎంత కడిగినా ఒంటి నుంచి చేపల వాసనే వస్తుంటే అది ట్రైమిథైలమినూరియా అనే అరుదైన జన్యు సమస్య కావచ్చు. చేపల్లో, గుడ్లలో ఉండే కొన్ని పదార్థాల నుంచి కడుపులో పుట్టే ట్రైమిథైలమైన్‌ని కాలేయం సరిగా మార్చలేకపోవడం వల్ల వస్తుంది. మూత్ర పరీక్షలో తెలుస్తుంది. ఒంటివాసన ఉన్నట్టుండి మారినా, జ్వరం, బరువు తగ్గడంతో పాటు రాత్రుళ్లు పక్క తడిసేలా చెమట పట్టినా, చంకలో గడ్డలు మళ్లీమళ్లీ లేచినా ఆసుపత్రికి వెళ్లండి. షుగరున్న వాళ్ల ఊపిరి పండ్ల వాసన కొడుతూ వాంతులవుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

మన వాసన మన ముక్కుకి అలవాటైపోతుంది. కాబట్టి ఇంట్లో నిజం చెప్పే మనిషిని ఒకరిని పెట్టుకోండి. వాళ్లూ, డాక్టరూ ఏ వాసనా లేదంటున్నా మీకు నమ్మకం కుదరక జనంలోకి వెళ్లలేకపోతున్నారా? ఆ టెన్షన్‌కి మానసిక వైద్యులు సాయం చేస్తారు.

రోజూ ప్రయాణం చేసేవాళ్లు సంచిలో ఒక బనీను, ఒక పొడిగుడ్డ, ఒక కవరు పెట్టుకోండి. దిగగానే తుడుచుకుని బనీను మార్చేయడం ఐదు నిమిషాల పని. విప్పింది కవర్లో కట్టి, ఇంటికి చేరగానే బయటికి తీయండి. నేనొకసారి శనివారం మరిచిపోయి సోమవారం విప్పాను. ఆ సంచిని అమ్మ మళ్లీ గడప లోపలికి రానివ్వలేదు.