మట్టి ఇటుకతో సొంతిల్లు, 4వ పాఠం: ఇటుకని ఎండబెట్టొద్దు సామీ

పోయిన పాఠంలో సీసా పరీక్ష (మట్టిని సీసాలో నీళ్లతో కలిపి ఇసుకెంత, బంకెంత అని చూసేది) చెప్పి, మట్టిలో కొంచెం సిమెంట్ కలిపి కాల్చకుండా మిషన్‌లో ఇటుక నొక్కడం దాకా వచ్చి ఆపినా. ఈసారి గోడ కట్టడం, మూలలు తిప్పడం రాద్దామనుకున్నా గానీ మీరు పంపిన ఫోటోలు చూసినాక అదంతా పక్కన పెట్టేసినా. రేణిగుంట వైపు ఒకాయన ఇటుకని రాత్రి బకెట్లో వేస్తే తెల్లారేసరికి అడుగున బురద. పుత్తూరులో ఒకమ్మ ఇటుకలకి చెయ్యి తగిలితే చాలు మూలలు రాలిపోతున్నాయి. ఇంకొంతమందివి నడిమధ్యకి పగుళ్లు. అందరూ అడిగేది ఒకటే, సిమెంట్ పెంచాలా అని. వద్దు. మట్టి బాగానే ఉంది, నీళ్లే తారుమారు చేసినారు. నొక్కేటప్పుడు తక్కువ ఉండాల్సింది ఎక్కువ పోసినారు, నొక్కినాక పట్టాల్సింది అసలు పట్టలేదు.

మొదటిది తొందరగా చెప్పేస్తా. కలిపిన మట్టిని పిడికిట్లో సంగటి ముద్ద మాదిరి ఒత్తి ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే సరిపోయినట్టు, పొడి అయిపోతే ఇంకొంచెం నీళ్లు చల్లండి, పగలకుండా అట్లే అతుక్కుంటే నీళ్లు ఎక్కువైనట్టు, ఆ ఇటుకే ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగిలేది. పైపు పెట్టి పోయొద్దు, మొక్కలకి పోసే క్యాన్‌తో చల్లండి. సిమెంట్ కలిపినాక అరగంటలో నొక్కేయాలి, మధ్యలో టీకి పోవద్దు.

అసలు గొడవ రెండోది. మిద్దె మీద వరసగా పేర్చి మిట్టమధ్యాహ్నం ఎండలో ఇటుకలని మాడ్చినారు. ఎందుకబ్బా అంటే మా తాత కట్టిన మట్టిగోడ ఎండకే ఆరింది కదా అంటారు. ఆరింది, కాదనను, ఆ గోడలో సిమెంట్ యాడుంది? ఉత్త బంకమట్టి తడి పోయేకొద్దీ గట్టిపడుతుంది, మళ్లీ నీళ్లు తగిలితే మెత్తబడుతుంది, అందుకే ఆ కాలంలో చూరు అంత కిందికి దించి వానని గోడ దాకా రానిచ్చేవాళ్లు కాదు. సిమెంట్ గట్టిపడేది నీళ్లతో కలిసి రసాయన చర్య జరిగితేనే, ఆ నీళ్లు ఎండ లాగేసుకుంటే మీరు డబ్బులు పెట్టి కొన్న సిమెంట్‌లో చానా భాగం పని చేయకుండానే లోపల పడుంటుంది. సున్నానిది ఇంకో దారి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటా నిదానంగా మళ్లీ సున్నపురాయి మాదిరి అవుతుంది, దానికీ కొంత తడి కావాల్సిందే. చంద్రగిరి కోటలో రాజమహల్ చూసింటారు కదా, కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిందే అది. సున్నం సంగతి తర్వాత పాఠంలో.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. నొక్కిన ఇటుకని నీడలో పెట్టి వెంటనే ప్లాస్టిక్ పట్ట కప్పండి, రెండు రోజులు తీయొద్దు. తర్వాత గోనెపట్టాలు కప్పి 28 రోజులు తడుపుతా ఉండాలి. రోజుకి ఎన్నిసార్లు అని అడుగుతారు, గోనె ఆరకూడదు, అదే లెక్క. చలికాలం రెండుసార్లు చాలు, తిరుపతిలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో నాలుగుసార్లు తడిపినా చాలదు, అందుకే నేను ఏప్రిల్, మే నెలల్లో ఇటుక పని పెట్టుకోను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, తడిమట్టి జల్లెడలో దిగదు. సంక్రాంతి అయినాక మొదలుపెట్టండి.

సిమెంట్ పెంచుతామనే వాళ్లకి ఒక లెక్క. 24×24×9 సెంటీమీటర్ల ఇటుక దగ్గర దగ్గర 10 కిలోలు. 5 శాతం లెక్కన 50 కిలోల బస్తా ఒక టన్ను మట్టికి వస్తుంది, అంటే నూరు ఇటుకలు. 8 శాతం వేస్తే అదే బస్తాకి అరవై చిల్లర. అట్లయితే మట్టిల్లు ఎందుకు, కాంక్రీట్ బ్లాకులే కొనుక్కోవచ్చు కదా. బంక ఎక్కువున్న మట్టికి క్వారీ డస్ట్ కలపండి, లేదా సిమెంట్ బదులు సున్నం వాడండి.

పునాది గురించి అడగొద్దు, మన మేస్త్రీలకి తెలిసిందే. మోడర్న్ లుక్ అడిగిన వాళ్లకి నా మాట: కింద రెండడుగులు గ్రానైట్ కట్టు, పైన రెండడుగులు బయటికొచ్చే సన్‌షేడ్, మధ్యలో ఇటుక గీతలు కనపడేటట్టు వదిలేయండి, ప్లాస్టరింగ్ వద్దు. పడమర గోడకి నిలువెత్తు గాజు పెట్టి, మట్టిల్లు కూడా ఉడికిపోతా ఉంది అని నాకు రాయొద్దు.

ఇంటిపని పెద్దదే. ఒకేసారి కలిపిన మట్టితో 12 ఇటుకలు నొక్కండి. నాలుగు ఎండలో, నాలుగు నీడలో ఉత్తగా, నాలుగు నీడలో తడిగోనె కింద. 28 రోజులైనాక ఒక రాత్రంతా నానబెట్టి, తడి మీదనే బండి తాళంచెవితో గీకి ఎంత లోతు దిగిందో రాసుకోండి. గోనె కింద పెట్టినవి కూడా కరిగితే అప్పుడు మట్టిని అనుమానిద్దాం, సీసా ఫోటో కూడా పంపండి, కలిపినాక ఎంతసేపటికి తీసినారో రాయండి, పది నిమిషాలకే తీసి పంపితే బంకమట్టి ఇంకా నీళ్లలోనే ఉంటుంది, ఒక రోజు ఆగి తీయండి.