పాప ఎక్కడ్నుంచి వస్తుందని పిల్లలు అడిగితే

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఈ ప్రశ్న వేస్తే వాళ్లకి కావాల్సింది ఒకటి రెండు వాక్యాలే. ముందు "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. వాళ్లకి ఏం తెలుసో, ఎక్కడ తికమక పడుతున్నారో అప్పుడు బయటపడుతుంది. అడిగినంతవరకే నిజం చెప్పి ఆగండి. ఇంకా కావాలంటే వాళ్లే మళ్లీ అడుగుతారు.

"ఆసుపత్రిలో కొనుక్కొచ్చాం" అని చెబితే, చెల్లి ఏడ్చిన రోజున వెనక్కి ఇచ్చేయమంటారు. "నిన్ను తవుడుకి కొన్నాం" అని ఏడిపించే అలవాటు మన ఇళ్లలో ఉంది. కొత్త బిడ్డ వచ్చే రోజుల్లో దాన్ని పూర్తిగా మానేయాలి. ఆ వయసులో పిల్లలు అన్నమాటను అన్నట్టే నమ్ముతారు.

ఎక్కువ తికమక "కడుపులో పాప" దగ్గరే వస్తుంది. అన్నం వెళ్లేదీ కడుపులోకే కదా! అమ్మ పాపను మింగేసిందని, పాప మీద సాంబారు పడుతుందని, తామూ ఎక్కువ తింటే పాప వస్తుందని భయపడతారు. అందుకే ఇలా చెప్పండి: "అన్నం ఉండే చోటు వేరు. పాప పెరిగే చోటు వేరు, దాన్ని గర్భసంచి అంటారు. పాపకి తిండి బొడ్డుతాడు గుండా వెళుతుంది." వాళ్ల బొడ్డు వాళ్లనే ముట్టుకుని చూడమనండి, ఒకప్పుడు ఆ తాడు అక్కడే ఉండేదని చెప్పండి.

పాప రాబోతోందన్న కబురు మూడో నెల దాటాక చెప్పడం మేలు, గర్భం పోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది అంతకుముందే. ఈలోపు వాంతులు చూసి బెంగపడితే "అమ్మకి జబ్బు కాదు" అని చెప్పండి. నెలల లెక్క చిన్నపిల్లలకి అందదు, "దసరా అయ్యాక" అంటే అందుతుంది. కదలికలు అమ్మకి అయిదో నెలలో తెలిసినా, పొట్ట పైన చెయ్యి వేసిన పెద్దబిడ్డకి తెలియడానికి ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. తొందరపడి ఆశపెట్టకండి.

"లోపలికి ఎలా వెళ్లింది?" అంటే: "అమ్మ శరీరంలో అండం అనే చిన్న కణం ఉంటుంది, నాన్న శరీరంలో శుక్రకణం ఉంటుంది. రెండూ కలిస్తే పాప మొదలవుతుంది. ఇది పెద్దవాళ్లలోనే జరుగుతుంది."

"తమ్ముడా, చెల్లా?" అని పెద్దవాళ్లు బిడ్డ చేత జోస్యం చెప్పించొద్దు. అది తప్పితే తనదే తప్పనుకుంటుంది. కడుపులో ఉన్నది ఆడో మగో పరీక్ష చేయించి ముందే తెలుసుకోవడం 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

పుట్టుక గురించి చెప్పాలంటే శరీర భాగాల పేర్లు రావాలి. స్నానం చేయించేటప్పుడు మోకాలు, మోచెయ్యి అన్నంత మామూలుగా పురుషాంగం, వృషణాలు, యోని, మలద్వారం అనండి. ఇంట్లో ముద్దుపేరు ఉంటే ఉండనివ్వండి, అసలు పేరూ రావాలి. "అక్కడ నొప్పి" అంటే మూత్రంలో మంటో, నులిపురుగుల వల్ల మలద్వారం దగ్గర దురదో డాక్టరుకి తెలియదు. ఎవరైనా తప్పుగా ముట్టుకున్నా పేరు తెలిసిన బిడ్డే స్పష్టంగా చెప్పగలదు. "ఛీ, సిగ్గు సిగ్గు" అంటూ పెంచితే ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. చెడ్డీ కప్పే చోటును శుభ్రం చేయడానికి ఇంట్లోవాళ్లు, అమ్మానాన్నల ఎదుట పరీక్షకు డాక్టరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదని, శుభ్రం చేసేవాళ్లయినా దాచమంటే వెంటనే చెప్పేయాలని నేర్పండి. అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

బయటకు రావడానికి రెండు దారులూ చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. "గర్భసంచి బిగుసుకుంటూ పాపను కిందికి నెడుతుంది, యోని సాగి పాప బయటకొస్తుంది. ఒక్కోసారి డాక్టరు మత్తుమందిచ్చి పొట్ట కింది భాగాన కోసి పాపను తీస్తారు, తర్వాత కుట్లు వేస్తారు." ఆపరేషనైతే కొన్ని వారాలు అమ్మ పెద్దబిడ్డను ఎత్తుకోలేకపోవచ్చు. అందుకు కారణం కుట్లని ముందే చెప్పండి, లేకపోతే నేరం కొత్త పాప మీదకి పోతుంది.

పురిటికి అమ్మ పుట్టింటికి వెళితే పెద్దబిడ్డ కూడా వెళుతుందా, నాన్న దగ్గర ఉంటుందా? అమ్మ ఆసుపత్రిలో ఉన్న రాత్రులు ఎవరి పక్కన పడుకుంటుంది, బడికి ఎవరు తీసుకెళతారు? ఇవి కనీసం వారం ముందే పేర్లతో సహా చెప్పండి. వీలైతే ఆ అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో ముందే ఒకటి రెండు రాత్రులు పడుకోబెట్టండి.