ముసురు పట్టకముందే గుడ్డ డైపర్లకు మారేవారికి జాగ్రత్తలు

ఏడాది దాటి నడక నేర్చిన పిల్లలను వాడి పారేసే డైపర్ల నుంచి ఉతికి వాడుకునే గుడ్డ డైపర్లకు మార్చాలనుకునేవారు, ముఖ్యంగా దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఉంటున్నవారు, అన్నిటికంటే ముందు కాలం చూసుకోవాలి. జూన్ నడిమిలో ఒడియావారి రజ సంక్రాంతి పండుగ వచ్చే వేళకు అటూ ఇటూగా ఇక్కడ వానలు మొదలవుతాయి. ఆ తరువాత సెప్టెంబరు దాకా, ఒక్కోసారి దసరా దాటేదాకా కూడా, కొండల చుట్టుపక్కల పల్లెల్లో ముసురు పడితే ఒక పట్టాన వదలదు. గుడ్డ డైపరు బిడ్డ ఒంటికి పడుతుందా లేదా అన్నది చాలావరకు అది పూర్తిగా ఆరిందా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. కనుక ఏప్రిల్, మే నెలల ఎండల్లోనే మొదలుపెట్టి, వానలు పడేనాటికి ఉతకడం, ఆరబెట్టడం, వేళకు మార్చడం ఇంట్లో అందరికీ అలవాటయ్యేలా చూసుకోవాలి. జూన్ వచ్చేశాక మొదలుపెట్టవలసి వస్తే మాత్రం, పగటిపూట ఇంట్లో ఉన్నంతసేపు గుడ్డవి కట్టి, మిగతా వేళల్లో పాతవే కొనసాగించడం మేలు.

ఎన్ని కొనాలన్నది కూడా ఆరే సమయాన్ని బట్టే లెక్క వేసుకోవాలి. బజారులో దొరికే రకంలో పాలియురెథేన్ పూత ఉన్న, నీరు చొరని పై కవరు ఒకటి, దానిలోపల పెట్టే పీల్చే ప్యాడ్ ఒకటి విడివిడిగా ఉంటాయి. కవరు నీడలోనైనా త్వరగానే ఆరుతుంది గాని, నాలుగైదు పొరలు కలిపి కుట్టిన నూలు ప్యాడ్‌కు ముసురులో 2 రోజులు, ఒక్కోసారి 3 రోజులు పడుతుంది. రోజుకు 7 సార్లు మార్చవలసి వస్తుందనుకుంటే, 3 రోజుల ఆరుదల లెక్కన దండెం మీదే 21 ప్యాడ్లు ఉంటాయి, ఆ రోజుకు కట్టే 7 కలిపి 28 చేతిలో ఉండాలి. కవర్లు 6 నుంచి 8 చాలు. అంత ఖర్చు ఎందుకనుకుంటే మెత్తబడిన పాత నూలు చీరనో పంచెనో పెద్ద చదరాలుగా చింపి, మడతపెట్టి కవరులో పెట్టుకోవచ్చు. మన ఇళ్ళలో మామ్మలు పొత్తిగుడ్డలుగా వాడినవి ఇవే. విప్పి ఆరేస్తే ఒకే పొర కాబట్టి ఎంత ముసురులోనైనా ముందుగా ఆరేవి ఇవే, వానాకాలానికి నేను మొదట చెప్పేదీ వీటినే. మైక్రోఫైబర్ (సన్నని కృత్రిమ దారాల) ప్యాడ్లు కొన్నవారు వాటిని నేరుగా ఒంటికి తగలనీయకూడదు. అవి చర్మం మీది తేమను కూడా లాగేసి మంట పుట్టిస్తాయి, కాబట్టి కవరుకు ఉన్న జేబు లోపలే పెట్టాలి.

కొత్త నూలు ప్యాడ్లను కొన్న రోజే కట్టకూడదు. నూలులో సహజంగా ఉండే నూనె, మైనం పోయేదాకా అవి నీటిని సరిగా పీల్చవు. ఉతికి ఆరిన ప్యాడ్ మీద ఒక చుక్క నీరు వేసి చూడండి: ఆ చుక్క ముత్యంలా నిలబడి పక్కకు దొర్లిపోతే ఇంకా ఉతకాలి, పడ్డచోటే ఇంకి వెడల్పుగా పరచుకుంటే వాడకానికి సిద్ధమైనట్టు. ఇందుకు మామూలుగా నాలుగైదు ఉతుకులు పడతాయి, ప్రతి ఉతుకు తరువాతా పూర్తిగా ఆరాలి. మే నెల ఎండలో తేలికగా అయిపోయే ఈ పనే జూలైలో ఎంతకీ తెమలదు.

నడిచే వయసు పిల్లల విషయంలో మరొక సంగతి గమనించాలి. వాడి పారేసే డైపరులో ఉండే సోడియం పాలీయాక్రిలేట్ రేణువులు తమ బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతాయి, అందువల్ల గంటల తరబడి మార్చకపోయినా పైకి పొడిగానే కనిపిస్తుంది. గుడ్డకు ఆ గుణం లేదు. 2 నుంచి 3 గంటలకొకసారి, దొడ్డికి వెళ్తే వెంటనే, తప్పకుండా మార్చాలి. పైగా ఈ వయసులో పిల్లలు కొంతసేపు ఆపుకొని ఒక్కసారిగా పోస్తారు కాబట్టి మధ్యాహ్నం నిద్రకు 2 ప్యాడ్లు వేయడం అవసరం. రాత్రిపూటను అన్నిటికంటే చివర మార్చుకోవాలి. టిచ్ బటన్లు పెట్టాక తొడ దగ్గర ఎలాస్టిక్ కింద వేలు దూరాలి, అలాగని ఖాళీ కనిపించకూడదు. లోపలి గుడ్డ అంచు ఏ కొంచెం బయటికి వచ్చినా ఆ అంచు వెంబడే తడి పాకి బట్టలన్నీ తడిసిపోతాయి. తడి తెలియడం కొత్త కాబట్టి కొందరు పిల్లలు మొదట్లో ఏడుస్తారు, విప్పి పడేస్తారు. ఆ మాత్రానికి కసరకుండా అప్పటికప్పుడు మార్చాలి.

ఉతికేటప్పుడు ముందు మలాన్ని మరుగుదొడ్డిలో దులిపి, చల్లని నీటితో జాడించాలి. మొదటే వేడినీరు పోస్తే మరక గట్టిపడుతుంది. తరువాత మామూలు సబ్బుపొడితో బాగా ఉతకాలి. పసివాడి బట్టలని చిటికెడు పొడితో సరిపెడితే మూత్రం పూర్తిగా వదలక, సూక్ష్మజీవులు అందులోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. తీసి కట్టగానే ముక్కు అదిరే ఘాటు వచ్చిందంటే కారణం అదే, ఆ గుడ్డ ఒరుపు తెస్తుంది. నురుగు పూర్తిగా పోయేదాకా జాడించాలి. నూలు ప్యాడ్లకు 60 డిగ్రీల వేడి పనికివస్తుంది గాని కవర్లకు 40 డిగ్రీలు దాటకూడదు, మరిగే నీరు పోస్తే వాటి పూత పొరలుగా ఊడిపోతుంది. బట్టలు మెత్తబరిచే ద్రవాలు ప్యాడ్ పీల్చే గుణాన్ని చంపేస్తాయి, కాబట్టి అవి వద్దు. ఎప్పుడైనా బ్లీచింగ్ వాడవలసి వస్తే మూత్రపు తడి పూర్తిగా పోయేలా ఉతికిన గుడ్డకే వాడాలి. బ్లీచింగ్‌ను అమ్మోనియాతో గాని, వెనిగరుతో గాని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గాని కలిపితే విషవాయువు పుడుతుంది.

ముసురులో ఆరబెట్టడం గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. గట్టిగా పిండి, పొడి తువ్వాలులో చుట్టి మోకాలితో నొక్కితే సగం నీరు అక్కడే పోతుంది. వసారాలో దండెం మీద ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడేలా వేసి, కరెంటు ఉన్నంతసేపు ఫ్యాను తిప్పాలి. కుంపటి మీద, పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది, దయచేసి ఈ కవర్లతో ఆ పని చేయకండి. పూత కరుగుతుంది, నిప్పు అంటుకుంటుంది, పొగ పసివాళ్ళ ఊపిరికి మంచిది కాదు. నూలు గుడ్డలకు చివర్లో ఇస్త్రీ చేయవచ్చు, కవర్లకు, మైక్రోఫైబర్‌కు చేయకూడదు. ఆరిందో లేదో పైన తడిమి తేల్చుకోవద్దు. అన్నిటికంటే మందంగా ఉండే నడిమి కుట్టును రెండు వేళ్ళతో నొక్కిపట్టి చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, మళ్ళీ దండెం మీద వేయాలి. వాన తెరిపి ఇచ్చి ఎండ పొడచూపిన గంటనైనా వదులుకోకుండా బయట వేయండి.

మురికి గుడ్డలను నీళ్ళ బకెట్టులో నానబెట్టి ఉంచడం ఈ వయసు పిల్లలున్న ఇంట్లో ప్రమాదం. తలకిందులుగా పడిన బిడ్డ కొన్ని అంగుళాల నీటిలోనే మునిగిపోగలదు. నీరు పోయకుండా మూత ఉన్న బుట్టలో వేసి, వానాకాలంలో ఏ రోజువి ఆ రోజే ఉతకాలి. పసివాళ్ళ మలంలోనూ పెద్దవాళ్ళ మలంలో ఉండే రోగకారకాలే ఉంటాయి కాబట్టి, గెడ్డలో, చెరువులో, బోరు గట్టు మీద ఈ గుడ్డలు ఉతకకూడదు. మార్చిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గుడ్డవి అలవాటైనా వాడి పారేసేవి ఒక ప్యాకెట్టు ఇంట్లో ఉంచుకోవడం తప్పేమీ కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, ఊళ్ళకు కరెంటు పోయింది. అలాంటి రోజుల్లో శుభ్రమైన నీరు తాగడానికే కరువవుతుంది. వరద నీటిలో ఉతికిన గుడ్డ బిడ్డకు కట్టరాదు. బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నప్పుడు, దూరప్రయాణాల్లో కూడా వాడి పారేసేవే నయం. వాడినవాటిని గెడ్డలో వేయకుండా కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొందరికి గజ్జల్లో ఎర్రబారుతుంది. మామూలు నీటితో కడిగి, తుడిచి, కాసేపు గాలికి వదిలి, జింక్ ఆక్సైడ్ క్రీము రాయాలి. ఆ క్రీము గుడ్డకు పట్టి పీల్చకుండా చేస్తుంది కాబట్టి మధ్యలో పలుచని నూలు గుడ్డ ఒకటి వేయాలి. పౌడరు అద్దకండి, అది ఊపిరిలోకి పోతుంది. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, మడతల్లో బాగా ఎర్రబడి చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచినా అది శిలీంధ్రం (ఫంగస్) కావచ్చు, డాక్టరుకు చూపించాలి. చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రెండు మూడు రోజులు కూడా ఆగకూడదు. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డైపరు కింద మూసి ఉన్న లేత చర్మం ఆ మందును ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక, డాక్టరుకు చూపించకుండా అలాంటిదేదీ రాయకూడదు.